ఏడున్నర నెలల పాపకు పళ్ళు వస్తున్నాయి, జ్వరమూ విరేచనాలూ ఉన్నాయి: ఏది పళ్ళ వల్ల, ఏది కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ పాపకు ఏడున్నర నెలలు. రెండు వారాలుగా చొంగ ధారగా కారుస్తోంది, చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుని కొరుకుతోంది, రాత్రిళ్ళు లేచి ఏడుస్తోంది. మూడు రోజుల నుంచి వీటికి తోడు 101 డిగ్రీల జ్వరం, రోజుకు ఆరేడు నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి. పళ్ళు వచ్చేటప్పుడు ఇవన్నీ మామూలేనని, పన్ను బయటపడగానే అవే సర్దుకుంటాయని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. చిగుళ్ళకు రాసే జెల్ ఏది మంచిదో చెప్పమని మీరు అడిగారు.

ముందుగా సమాధానం: జెల్ ఏదీ వద్దు. చొంగ, కొరకడం, చిరాకు పళ్ళ వల్ల కావచ్చు. జ్వరమూ నీళ్ళ విరేచనాలూ పళ్ళ వల్ల కావు. ఆ రెండింటి కోసం పాపను ఈ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. చిగుళ్ళ బాధకు శుభ్రమైన వేలు, చల్లని తడిగుడ్డ, మీ ఒడి చాలు. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల వైద్యురాలిగా పనిచేస్తున్నాను. పళ్ళు రావడం వల్ల ప్రమాదంలో పడిన బిడ్డను నేను ఇంతవరకు చూడలేదు. పళ్ళ వల్లే అనుకుని ఆలస్యంగా తెచ్చిన బిడ్డలను మాత్రం చాలామందిని చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డాక్టరు దగ్గరకు వెళ్ళేలోపు విరేచనాల సంగతి చూడండి. తల్లిపాలు గాని, మీరు పట్టే పాలు గాని ఆపవద్దు. ప్యాకెట్ మీద రాసి ఉన్న కొలత ప్రకారం నీళ్ళలో కలిపిన ఓఆర్ఎస్‌ను, విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల వరకు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ఒక్కసారిగా పడితే కక్కేస్తుంది, నిమిషానికో చెంచా అయితే నిలుస్తుంది. ఆరు గంటలుగా డైపర్ తడవకపోయినా, ఏడ్చినప్పుడు కన్నీళ్ళు రాకపోయినా, మాడు గుంటపడినా, నోరు ఎండినా, పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగినదల్లా వాంతి అవుతున్నా, అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి.

ఇక పళ్ళ విషయం. పన్ను చిగురును చీల్చుకుని, గాయం చేసి బయటకు వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పన్ను చుట్టూ పల్చని సంచి లాంటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర నుంచి వెలువడే సంకేతాల వల్ల పైనున్న ఎముక కొద్దికొద్దిగా కరిగి దారి ఇస్తుంది. చివరికి పన్ను పైనున్న చిగురు కణాలు కూడా తమంతట తామే తొలగిపోతాయి. ఇదంతా ఒక్క రాత్రిలో జరిగే పని కాదు, వారాల తరబడి నెమ్మదిగా సాగుతుంది. ఆ చివరి రోజుల్లో చిగురు కాస్త ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, నొక్కితే హాయిగా ఉంటుంది. బిడ్డ అందుకే కొరుకుతుంది. ఒంటినంతా కాల్చే జ్వరాన్నో, పేగులను కదిలించే విరేచనాలనో పుట్టించేంత వ్యవహారం అక్కడ ఏమీ లేదు.

మీరే చూడవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, గోరు కత్తిరించిన చూపుడు వేలిని కింది చిగురు ముందు భాగంలో మెల్లగా పోనివ్వండి. పన్ను ఇంకా లోతుగా ఉంటే చిగురు గట్టు సన్నగా, మెత్తగా తగులుతుంది. పైకి వస్తున్నకొద్దీ ఆ గట్టు వెడల్పవుతుంది, లోపల బియ్యపు గింజంత గట్టిదనం వేలికి ఆనుతుంది. బయటపడే ముందు అక్కడ చర్మం బిగిసి, దానికింద తెల్లని గీత కనిపిస్తుంది. ఆ తర్వాత ఒకరోజు మీరు చెంచాతో ఏదో పడుతుండగా, లోహం అంచు దేనికో తగిలి 'టిక్' మంటుంది. చాలా ఇళ్ళలో మొదటి పన్నును కంటికంటే ముందు చెవి కనిపెడుతుంది. అప్పుడప్పుడు పన్ను రాబోయే చోట నీలంగా, చిన్న బుడగలా ఉబ్బు కనిపిస్తుంది. అది భయపడవలసింది కాదు. దాన్ని గుచ్చకండి, పన్నుతో పాటు అదే పోతుంది.

జ్వరం పళ్ళది కాదని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, తాము చూసినదే చెబుతున్నారు. 2000లో రెండు మంచి అధ్యయనాలు వెలువడ్డాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో శిశు సంరక్షణ కేంద్రాలకు వచ్చే 21 మంది పిల్లల నోళ్ళను నెలల తరబడి క్రమం తప్పకుండా పరీక్షించి, ఒంటి వేడి కొలిచి చూస్తే, పన్ను వచ్చిన రోజులకూ జ్వరానికీ విరేచనాలకూ సంబంధం కనిపించలేదు. తర్వాత అదే పిల్లల తల్లిదండ్రులను అడిగితే, అందరూ తమ బిడ్డకు పళ్ళ బాధలు ఉన్నాయనే చెప్పారు. అమెరికాలో నూటికి పైగా పిల్లల తల్లిదండ్రుల చేత రోజువారీ లెక్క రాయించిన అధ్యయనంలో, పన్ను బయటపడటానికి నాలుగు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత వరకు, అంటే మొత్తం ఎనిమిది రోజులు, కొరకడం, చొంగ, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, నిద్ర తేలిపోవడం, చెవి రుద్దుకోవడం, ముఖం మీద పొక్కులు, ఘనాహారం వద్దనడం, ఒళ్ళు కాస్త వెచ్చబడటం కొద్దిగా పెరిగాయి. అంతే. విరేచనాలు, వాంతులు, దగ్గు, ఎక్కువ జ్వరం, పాలు తాగడం తగ్గడం పెరగలేదు. పెరిగిన లక్షణాల్లో కూడా ఏ ఒక్కటీ 35 శాతానికి మించిన పిల్లల్లో కనిపించలేదు. చాలామందికి పళ్ళు చడీచప్పుడూ లేకుండానే వస్తాయన్నమాట.

ఆ జాబితాలో నాకు రోజూ పనికివచ్చే మాట ఒకటి ఉంది. పళ్ళు వస్తున్న బిడ్డ గట్టి తిండి వద్దంటుంది గాని, పాలు మానదు. పాలు కూడా ముట్టని బిడ్డకు ఇంకేదో ఉందని అనుకోవాలి.

మరి అందరికీ అదే సమయంలో జ్వరాలు ఎందుకు వస్తాయి? గర్భంలో ఉండగా తల్లి నుంచి అందిన రోగనిరోధక శక్తి ఆరు నెలలు వచ్చేసరికి చాలావరకు తరిగిపోతుంది, బిడ్డ సొంత శక్తి ఇంకా పూర్తిగా కూడుకోదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పాలతో పాటు ఇతర ఆహారం మొదలవుతుంది, బిడ్డ పాకడం నేర్చుకుంటుంది, నేల మీద దొరికినదల్లా నోట్లోకి పోతుంది. పళ్ళు రావడం కూడా ఆ నెలల్లోనే మొదలవుతుంది. ఆరు నెలల నుంచి రెండున్నరేళ్ళ వరకు ఇరవై పాలపళ్ళు వరుసగా వస్తూనే ఉంటాయి కనుక, ఆ వయసులో బిడ్డకు ఏ జబ్బు చేసినా దాని పక్కన రాబోయే పన్నో వచ్చిన పన్నో ఒకటి దొరుకుతుంది. చొంగ సంగతి కూడా ఇలాంటిదే. లాలాజల గ్రంథులు రెండు మూడు నెలల వయసులోనే బాగా పనిచేయడం మొదలుపెడతాయి, దాన్ని మింగే నేర్పు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి మూడో నెలలో చొంగ కారినంత మాత్రాన పన్ను వస్తోందని అర్థం కాదు.

ఈ పొరపాటు చాలా పాతది, చాలామందిని బలిగొన్నది. ఇంగ్లండ్, వేల్స్ మరణాల నమోదులో 1839లో 5,016 మంది పిల్లల మరణానికి కారణం 'పళ్ళు రావడం' అని రాశారు. వాళ్ళలో ఎందరు విరేచనాలతో, ఎందరు న్యుమోనియాతో పోయారో ఎవరూ వెతకలేదు, పన్ను కనిపించింది కాబట్టి అక్కడితో ఆగిపోయారు. చిగుళ్ళను కత్తితో కోసే వైద్యం కూడా శతాబ్దాల పాటు సాగింది. ఆ తర్వాత వచ్చిన పళ్ళ పొడుల్లో కాలొమెల్ అనే పాదరసపు లవణం ఉండేది. అవి వాడిన పిల్లల్లో కొందరికి చేతులు, కాళ్ళు గులాబీ రంగుకు తిరిగి, వెలుతురు చూడలేక, నిద్ర లేక అల్లాడే జబ్బు వచ్చేది. అది పాదరసం పనేనని 1940లలో జోసెఫ్ వర్కనీ అనే వైద్యుడి పరిశోధన బయటపెట్టింది. 1954లో బ్రిటన్‌లో ఆ పొడుల్లోంచి పాదరసాన్ని తీసివేశాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. తనంతట తాను తగ్గే చిన్న బాధకు మందు వెతకబోయి కొత్త బాధ తెచ్చుకోవడం ఆ కాలంతోనే పోలేదు. దాని గురించి కింద చెబుతాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడాదిలో తొమ్మిది నెలల బాబును నాలుగు రోజుల జ్వరంతో తీసుకొచ్చారు. తల్లి గుమ్మంలోనే "పళ్ళొస్తున్నాయండీ" అంది. నోరు తెరిచి చూస్తే పై చిగురులో నిజంగానే తెల్లని అంచు కనిపించింది. గొంతు, చెవులు, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. నేనూ సరేనన్నాను, జ్వరానికి మందు రాసి పంపించాను. మూడు రోజుల తర్వాత 104 డిగ్రీల జ్వరంతో, వాంతులతో వాణ్ణి మళ్ళీ తెచ్చారు. మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్. ఆసుపత్రిలో ఉంచి ఇంజెక్షన్లు ఇవ్వవలసి వచ్చింది, బిడ్డ కోలుకున్నాడు. మొదటి రోజే ఒక మూత్ర పరీక్ష చేయించి ఉంటే ఆ మూడు రోజుల బాధ తప్పేది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి, కారణం స్పష్టంగా కనిపించని జ్వరం ఉన్న పసిబిడ్డకు, నోట్లో ఎన్ని పళ్ళు మొలుస్తున్నా సరే, మూత్ర పరీక్ష చేయించకుండా పంపను.

ఇంకో పాప, పదకొండు నెలలది. 'దవడ పళ్ళు ముందే వస్తున్నాయేమో' అనుకుని ఇంట్లో రోజుకు ఐదుసార్లు జెల్ రాశారు. నా దగ్గరకు వచ్చేసరికి చొంగలో రక్తపు చారలు ఉన్నాయి, చిగుళ్ళన్నీ ఎర్రగా వాచి తాకితే రక్తం వస్తోంది, నాలుక మీదా పెదవుల లోపలా ఆవగింజంత పుళ్ళు ఉన్నాయి, పాలసీసా చూస్తేనే ఏడుస్తోంది. అది హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే నోటిపూత. పళ్ళ వల్ల ఉబ్బు పన్ను వచ్చే చోటే ఉంటుంది. నోరంతా ఎర్రబడి పుళ్ళు పడితే అది పళ్ళ పని కాదు.

బాధ తగ్గించడానికి ఏం చేయాలి. నేను మొదట చెప్పేది వేలు. కడిగిన వేలితో, లేదా వేలికి చుట్టిన శుభ్రమైన తడిగుడ్డతో, ఉబ్బిన చోట ఒకటి రెండు నిమిషాలు కాస్త నొక్కిపెట్టి రుద్దండి. మెల్లగా నిమిరితే చాలదు, బిడ్డ తనే దవడ బిగించి మీ వేలి మీద నొక్కుతుంది, ఎంత బలం కావాలో దాన్ని బట్టి తెలుస్తుంది. పాలు పట్టే ముందు ఇలా చేస్తే, చప్పరించేటప్పుడు కలిగే నొప్పి తగ్గి చాలామంది హాయిగా తాగుతారు.

రెండోది చల్లదనం. మెత్తని నూలు గుడ్డను తడిపి పిండి, శుభ్రమైన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, ఒక కొనను ముడివేసి మీరు పట్టుకుని కొరకనివ్వండి. టీతర్ (బిడ్డ కొరకడానికి ఇచ్చే బొమ్మ) వాడితే లోపల ద్రవం లేని, ఒకే ముక్కగా ఉన్న గట్టి రబ్బరుది తీసుకోండి. ద్రవం ఉన్నది చిరిగితే లోపలిది బిడ్డ నోట్లోకి పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకట్టిన వస్తువు రాయిలా గట్టిపడి, లేత చిగురును గీరుతుంది, దాని చల్లదనం చర్మాన్ని దెబ్బతీస్తుంది. టీతర్‌ను దారంతో మెడకు కట్టవద్దు.

చొంగ వల్ల గడ్డం కింద, మెడ మడతల్లో పొక్కులు వస్తాయి. రుద్ది తుడవకుండా మెత్తని గుడ్డతో అద్ది, నిద్రపుచ్చే ముందు పల్చగా పెట్రోలియం జెల్లీ రాయండి. తడిసిన బిబ్‌ను వెంటనే మార్చండి, నిద్రలో బిబ్ ఉంచవద్దు.

పాలిచ్చే తల్లులు కొందరు బిడ్డ కొరుకుతోందని పాలు మాన్పించడానికి వస్తారు. మాన్పించనక్కర్లేదు. బిడ్డ నిజంగా పాలు తాగుతున్నంతసేపూ దాని నాలుక కింది పళ్ళ మీద పరుచుకుని ఉంటుంది, అప్పుడు కొరకడం సాధ్యం కాదు. కొరికేది ఎక్కువగా కడుపు నిండి ఆడుకునేటప్పుడే. మింగడం ఆగిందని గమనించగానే నోటి మూలలో చిటికెనవేలు పెట్టి పట్టు విడిపించండి. అరిచి లాగేస్తే గాయం మీకే అవుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి నాలుగు రోజులు ఈ ఒక్కటి గమనించి, ఆ తర్వాత మరో ఏడాది పాలిచ్చింది.

మందు ఎప్పుడు. వేలూ చల్లదనమూ పనిచేయక, బిడ్డ నిద్రపోలేనంత బాధపడుతుంటే పారాసెటమాల్ ఒకటి రెండు రాత్రులు ఇవ్వవచ్చు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: ఒక్కోసారికి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. మొదటిసారి మీ డాక్టరును అడిగే ఇవ్వండి. నేను పదేపదే చూసే ప్రమాదం సీసా మారడం. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉండవచ్చు, అదే మందు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 మాత్రమే ఉండవచ్చు. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. సీసా మీది అంకె చూడకుండా మందు పోయకండి. మీ పాపకు విరేచనాలు ఉన్నాయి కనుక ఐబుప్రొఫెన్ మీ అంతట మీరు ఇవ్వవద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలకు హాని చేయవచ్చు. ఆస్పిరిన్ పిల్లలకు అసలే కూడదు.

జెల్ ఎందుకు వద్దన్నాను. చిగురును మొద్దుబార్చే జెల్‌లలో ఎక్కువగా బెంజోకైన్ గాని, లిడోకైన్ గాని ఉంటుంది. చొంగ కారే నోట్లో అది నిమిషాల్లో కొట్టుకుపోతుంది, మిగిలినది బిడ్డ మింగుతుంది, గొంతు మొద్దుబారి పొలమారుతుంది. బెంజోకైన్ వల్ల అరుదుగానైనా రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి కోల్పోయే పరిస్థితి వస్తుంది, పెదవులూ గోళ్ళూ నీలిరంగుకు తిరుగుతాయి, ప్రాణాలకే ముప్పు కలగవచ్చు. రెండేళ్ళలోపు పిల్లలకు దీన్ని వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. లిడోకైన్ ద్రావణాన్ని పళ్ళ నొప్పి కోసం పసిపిల్లలకు వాడటం వల్ల మూర్ఛలు, గుండె ఇబ్బందులు, మరణాలు నమోదయ్యాయని 2014లోనే హెచ్చరించింది. బెల్లడోనా అనే విషపు మొక్క సారం ఉన్న హోమియో పళ్ళ మాత్రల్లో ఆ విష పదార్థం మాత్రమాత్రకూ వేర్వేరు మోతాదుల్లో ఉందని 2017లో ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. 'సహజమైనది' అన్న మాట చూసి నమ్మవద్దు.

బిడ్డ మెడలో వేసే అంబర్ (గట్టిపడిన చెట్టు జిగురు) పూసల గొలుసుల గురించి కూడా చాలామంది అడుగుతారు. అవి నొప్పి తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు, మెడకు బిగుసుకుని ప్రాణం తీసిన ఉదంతం ఉంది. తేనె, చక్కెర అద్దిన గుడ్డ కూడా వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె వల్ల బాట్యులిజం అనే తీవ్రమైన జబ్బు రావచ్చు, చక్కెర వచ్చిన పన్నును వచ్చినట్టే పాడుచేస్తుంది. గట్టి పచ్చి కూరగాయ ముక్కలు కొరకడానికి ఇస్తే విరిగి గొంతుకు అడ్డుపడతాయి.

వరుస గురించి క్లుప్తంగా: సాధారణంగా కింది ముందుపళ్ళు రెండు మొదట, తర్వాత పైవి, ఏడాది దాటాక దవడ పళ్ళు, ఆపైన కోరపళ్ళు, చివర రెండో దవడ పళ్ళు. నాలుగో నెలలో వచ్చినా, పన్నెండో నెలలో వచ్చినా సహజమే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పుట్టవలసిన తేదీ నుంచి లెక్కించాలి. పద్దెనిమిది నెలలకూ ఒక్క పన్నూ రాకపోతే దంతవైద్యుడికి చూపించండి.

మొదటి పన్ను బయటపడిన రోజు నుంచే పిల్లల మెత్తని బ్రష్‌తో, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమండి. పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చే అలవాటు ఉంటే ఇప్పుడే మాన్పించండి. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి దంతవైద్యుడికి చూపిస్తే మంచిది.

ఈ రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: జ్వరం ఏ రోజు, ఏ గంటకు, ఎంత ఉంది, చంకలో కొలిచారా, చెవిలోనా. నిన్నటి నుంచి విరేచనాలు ఎన్ని, ఎలా ఉన్నాయి. చివరిసారి డైపర్ ఎప్పుడు తడిసింది. పాలు ఎప్పటిలాగే తాగుతోందా. ఏ మందు, ఎంత, ఎప్పుడు ఇచ్చారు. మీరు వాడుతున్న జ్వరం మందు సీసాను కూడా వెంట తీసుకెళ్ళండి. పళ్ళు వస్తున్నాయన్న సంగతి డాక్టరు పాపను పూర్తిగా పరీక్షించిన తర్వాతే చెప్పండి. ఆ మాట ముందే చెవిన పడితే ఏమవుతుందో నా మూడో ఏడాది అనుభవం నాకు నేర్పింది.